సీ ముఫద్దల్ రాయించిన సిఫారసు

ప్రెస్ చక్రాన్ని సగం తిప్పి ఆపి, "మాలెం, ఆ ఉత్తరం సంగతి..." అంది షామా.

"సగంలో ఆపకు. చార పడుతుంది," అన్నాడు సీ ముఫద్దల్.

నిజమే. రోలరు కింద కాగితం ఉండగా చక్రం ఆపితే, ఆగిన చోట అడ్డంగా సన్నటి చార పడుతుంది. రాగి రేకుల మీద గీసిన బొమ్మల్ని కాగితం మీద అచ్చువేసే ఈ పనిశాలలో తొమ్మిదేళ్ళ క్రితం చేరిన మొదటి వారంలోనే ఆయన నేర్పిన పాఠం అది. షామా మిగతా సగం గబగబా తిప్పింది. ఫెల్టు దుప్పట్లు రెండూ వెనక్కి మడిచి, తడి కాగితాన్ని రెండు మూలల్లో పట్టుకుని రాగి రేకు మీంచి మెల్లగా లేపింది. మూడు రోజులుగా తూర్పు సముద్రపు చెమ్మతో షర్కి గాలి వీస్తోంది. గోడలు చెమర్చి ఉన్నాయి. అలాంటి గాలిలో కాగితం తొందరగా ఆరదు, సిరా తొందరగా కదలదు. అందుకే ఆ వారం ఆమె పొద్దున ఏడింటికే వచ్చి, రేకుల్ని పొయ్యి మీద కాస్త వెచ్చబెట్టి సిరా అద్దుతోంది.

ప్రింటును ఆయన చేతికిచ్చింది. సీ ముఫద్దల్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, తల కాస్త పక్కకు వంచాడు.

"ఊఁ..." అన్నాడు.

ఆ 'ఊఁ' తరువాత మాట్లాడాల్సింది షామా. రెండేళ్ళుగా అలాగే జరుగుతోంది.

"కింది మూల ఇంకొంచెం ముదురు పడాలేమో మాలెం. కోటగోడ నీడ పలచబడింది."

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడాయన.

డెబ్బై ఒక్క ఏళ్ళ ఆ మనిషి కళ్ళకు శుక్లాలు కమ్మాయి. కిటికీ ఎక్కడుందో, మనిషి ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. బూడిద రంగుకూ నలుపుకూ తేడా మాత్రం తెలియదు. ఆ సంగతి ఆయన ఆమెకు చెప్పలేదు, ఆమె ఆయన్ని అడగలేదు. తమ దేశపు ఉత్తరాదిలో బొమ్మలు గీసేవాళ్ళంతా 'మాలెం', అంటే గురువు, అని గౌరవంగా పిలుచుకునే మనిషి ఇలా ఉన్నాడంటే ఊరు ఊరుకుంటుందా? పైగా శనివారం, స్పెయిన్ వాళ్ళు కట్టిన వీధిలోని కొత్త గ్యాలరీలో ఆయన ప్రదర్శన మొదలవుతుంది. నలభై ఏళ్ళ పనీ, పన్నెండు కొత్త ప్రింట్లూ. ఆ పన్నెండింట్లో గీత ఆయనదే. చేతికి అలవాటైన గీత, కళ్ళు లేకపోయినా దారి తప్పదు. కానీ ఎక్కడ ఎంత సిరా ఉంచాలి, ఎక్కడ తుడిచెయ్యాలి, ఏ ప్రింటు నిలవాలి, ఏది చింపెయ్యాలి అనేవన్నీ షామా చూసుకుంది.

సంతకం దగ్గరా అంతే. "కాగితం జారుతోంది మాలెం, పట్టుకుంటానుండండి," అని బొమ్మ కింద కుడివైపున చూపుడువేలు పెడుతుంది. ఆయన పెన్సిలు కొన ఆమె గోరును తాకి, పక్కకు జరిగి, సంతకం చేస్తుంది.

"ఉత్తరం మాలెం," అంది మళ్ళీ, ప్రింటును ఆరబెట్టే పలకల మధ్య పెడుతూ. "శుక్రవారం నాలుగింటికల్లా పంపాలి."

"రేపు. ఇన్షా అల్లాహ్."

"మూడు వారాలుగా రేపే అంటున్నారు."

"రేపనేది రోజూ ఉంటుంది కదమ్మాయ్. అందుకేగా మనవాళ్ళు దాన్నంత నమ్ముకున్నారు."

షామా నవ్వలేదు. రబాత్‌లోని ఒక ఫౌండేషన్ చిత్రకారులకు గ్రాంటు ఇస్తోంది. ఏడాది పాటు భృతి, ఏడాది చివర సొంత ప్రదర్శన. పది బొమ్మల ఫోటోలూ, తన పని గురించి ఒక పేజీ, రెండు సిఫారసు ఉత్తరాలూ కావాలి. ఒక ఉత్తరం బాబ్ అల్ ఓక్లా బడిలో డ్రాయింగ్ నేర్పిన టీచరు అడిగిన మర్నాడే ఇచ్చింది. రెండోది, ప్రస్తుతం కలిసి పనిచేస్తున్న కళాకారుడు ఇవ్వాలని నిబంధన.

*

బుధవారం మధ్యాహ్నం సీ ముఫద్దల్ భార్య లల్లా జహూర్ వచ్చింది. ఒక చేతిలో చిక్కుడు గింజల సూపు బైసారా గిన్నె, ఇంకో చేతిలో కవరు.

"ఇదిగో తల్లీ, నీ ఉత్తరం. నిన్న సాయంత్రం ఒక్కడే గోడ పట్టుకుని అయ్యాషి కొట్టుకెళ్ళి టైపు చేయించుకొచ్చాడు. నేనూ వస్తానంటే, 'నీకెందుకు, కుండ మాడిపోతుంది చూసుకో' అన్నాడు. ముందు వేడిగా ఇది తిను. జీలకర్ర ఎక్కువే వేశాను."

షామా ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుంది. నిలబడే నాలుగు చెంచాలు మింగి, కవరు తీసుకుని సందులోకి పరుగెత్తింది. చర్మకారుల మలుపు దగ్గర రేకు పంచ కింద ఆగి విప్పింది.

'షామా అల్-హర్రాక్ తొమ్మిదేళ్ళుగా నా పనిశాలలో పని చేస్తున్నది. నిజాయితీ గల మనిషి. వేళకు వస్తుంది. చేతులు శుభ్రంగా ఉంచుకుంటుంది. ఆమె వచ్చాక పనిశాలలో ఒక్క వస్తువు కూడా పోలేదు. ఆమెకు మేలు జరగాలని కోరుకుంటున్నాను.'

అంతే. కింద ఆయన సంతకం, కాస్త వంకరగా.

రెండోసారి చదివింది. వెనక ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూసింది. గాడిదని తోలుకొస్తున్న మనిషి "బాలక్! బాలక్!" అని, తప్పుకోమని అరిచేదాకా సందుకు అడ్డంగా నిలబడి ఉన్నానన్న సంగతే ఆమెకు తెలియలేదు.

అయ్యాషి కొట్లో జెరాక్సు మిషను ఊగుతోంది. ఆమెను చూడగానే అతను టోపీ సర్దుకుని, కాగితాల కట్ట లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

"నువ్వేగా కొట్టింది?" అంది షామా.

"ఆయన చెప్పాడు, నేను కొట్టాను. వేళ్ళు నావి, మాటలు ఆయనవి."

"ఇది చూసి నాకెవరైనా గ్రాంటిస్తారా?"

"గ్రాంటు సంగతి తెలీదు గానీ లల్లా షామా, మా అత్తగారింట్లో గిన్నెలు తోమడానికి మాత్రం వెంటనే పెట్టుకుంటారు." అని, ఆమె ముఖం చూసి నాలిక కరుచుకున్నాడు. "మన్నించు. రెండుసార్లు అడిగాను తెలుసా, 'ఇంకేమైనా కలపమంటారా సీదీ' అని. 'నాకు తెలిసింది అంతే' అన్నాడు."

"తొమ్మిదేళ్ళలో ఆయనకు తెలిసింది ఇంతేనా?"

అయ్యాషి మిషను ఆపాడు. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పనా? నువ్వే ఒకటి మంచిది చెప్పు, కొడతాను. రేపు ప్రింట్ల మధ్య పెట్టి సంతకం చేయించు. ఆయనకెలాగూ..." అక్కడ ఆగాడు. "నిన్న నా కుర్చీ అనుకుని కాగితాల బుట్టలో కూర్చోబోయాడు. నేనెవరికీ చెప్పలేదులే."

షామా బల్ల మీద ఉన్న తన చేతులు చూసుకుంది. గోళ్ళ అంచుల్లో నలుపు. సబ్బుకీ పోదు, నిమ్మతొక్కకీ పోదు. 'చేతులు శుభ్రంగా ఉంచుకుంటుంది.'

"కొట్టు," అంది.

*

గురువారం సంతకాల రోజు. పన్నెండు ప్రింట్లూ ఆరి, బరువు కింద చదునై, బల్ల మీద దొంతరగా ఉన్నాయి. గ్యాలరీ వాళ్ళ బండి సాయంత్రం వస్తుంది. సీ ముఫద్దల్ కొత్త జెల్లాబా అంగీ తొడుక్కుని, పెన్సిలు చెక్కించుకుని కూర్చున్నాడు. ఆయన ఉల్లాసంగా ఉన్నాడు.

"మా అమ్మ అనేది, వీడు గోడల మీద బొగ్గు గీతలు గీసి ఇంటికి దరిద్రం తెస్తాడని. చూడాల్సింది."

షామా ఒక్కో ప్రింటూ ముందుకు జరుపుతోంది. వేలు పెడుతోంది. పెన్సిలు గోరును తాకుతోంది, సంతకం పడుతోంది. ఏడోదాని కింద అయ్యాషి కొట్టిన కాగితం ఉంది. దాని నిండా మంచి మాటలే. దేశం గర్వించదగ్గ ప్రతిభ, నా నిరంతర మార్గదర్శకత్వంలో వికసించిన కళ, ఇంకా అలాంటివి. పొద్దున్నుంచీ షామా తనకు తాను నచ్చజెప్పుకుంటూనే ఉంది. దొంగతనమేమీ కాదు ఇది. ఆయన రాయాల్సిందే తను రాసుకుంది.

ఏడోది తీసి పక్కన పెట్టింది. కాగితం ఆయన ముందుకు జరిగింది. వేలు పెట్టింది.

పెన్సిలు కొన గోరును తాకింది. ఎంత తేలిగ్గా తాకిందంటే, తలుపు తట్టి లోపలివాళ్ళు రమ్మనేదాకా ఆగే అతిథిలా ఉంది అది.

షామా వేలు వెనక్కి లాక్కుంది.

పెన్సిలు గాల్లో ఆగిపోయింది.

"వేలెందుకు తీశావు?" అన్నాడు సీ ముఫద్దల్.

రెండేళ్ళలో ఆ వేలి గురించి ఇద్దరిలో ఒకరు నోరు విప్పడం అదే మొదటిసారి.

"మాలెం... ఇది ప్రింటు కాదు."

"తెలుసు. ప్రింటు కాగితం చేతికి బట్టలా తగులుతుంది. ఇది అయ్యాషి కొట్టు కాగితం. ఎండుటాకులా చప్పుడు చేస్తోంది."

షామా కాగితం చేతిలోకి తీసుకుంది. "తెలిసే సంతకం పెట్టబోయారా?"

"నువ్వు వేలు పెట్టిన చోట రెండేళ్ళుగా పెడుతున్నాను. ఒక్కసారైనా పెట్టకూడని చోట పెట్టించావా?"

ఆమె స్టూలు లాక్కుని కూలబడింది. కన్నీళ్ళు ప్రింట్ల మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన పెన్సిలు కింద పెట్టి ఓపిగ్గా కూర్చున్నాడు.

"ఏముందో చదువు," అన్నాడు కాసేపటికి.

చదివింది. 'నిరంతర మార్గదర్శకత్వం' దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజాలు కదిలాయి. "ఇదేంటి, పెళ్ళి పిలుపా? అయ్యాషీ నువ్వూ కలిసి నన్ను పెళ్ళికొడుకుని చేశారా?"

ఆ నవ్వుతో షామాకు తెగువ వచ్చింది. "మీ ఉత్తరం ఇంతకంటే బాగుందా మాలెం? అది పనిమనిషికిచ్చే చీటీ."

నవ్వు ఆగిపోయింది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది. ఆయన జెల్లాబా అంచు సర్దుకున్నాడు.

"నీ పని నేనెప్పుడైనా చూశానా?"

"మీరు అడగలేదు."

"కళ్ళు బాగున్న రోజుల్లో అడగలేదు. అది పొగరు. అడగాలనిపించేసరికి ఇవి పోయాయి." కనురెప్పల మీద వేళ్ళు ఆనించుకున్నాడు. "నువ్వో ప్రింటు చూపిస్తే నేను 'ఊఁ' అనాలి. నా పని దగ్గర నువ్వు ఆ 'ఊఁ'ను మోశావు. నీ పని దగ్గర ఆ 'ఊఁ' అనడానికి నాకు సిగ్గేసింది. చూడని బొమ్మ గురించి అద్భుతమని ఎలా రాయించను? అందుకే తెలిసినంత మటుకే చెప్పాను. వేళకొస్తావు, నిజం. వస్తువు పోలేదు, నిజం."

"చేతులు శుభ్రమా?"

"అదొక్కటి అబద్ధం," అన్నాడాయన. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

నవ్వు తగ్గాక మిగిలిన ప్రింట్లకీ సంతకాలు పెట్టి, "రేకులు ఎక్కడున్నాయి?" అన్నాడు.

"ఏ రేకులు?"

"నీవి. శుక్రవారాలు ప్రెస్ వాడుకొమ్మన్నాను కదా. ఇన్ని శుక్రవారాలు గాలిని ప్రింటు చేశావా? వెళ్ళి తీసుకురా."

*

ఇల్లు పది నిమిషాల నడక. షామా తల్లి రహిమో మంచం మీద కూర్చుని పుదీనా తుంచుతోంది. కూతురు మంచం కింద దూరి పాత దుప్పటి మూట లాగడం చూసి, "అమ్మేస్తున్నావా? మంచిపని. రాగికి ధర బాగుందంట. నా మోకాళ్ళు కూడా ఎవరైనా కొంటారేమో అడుగు," అంది.

"మాలెం చూస్తానన్నారు అమ్మా."

"ఆయనా? చూస్తానన్నాడా?" అంది రహిమో. అని, కూతురి మొహం చూసి లేచి, మూట ముడి గట్టిగా బిగించి ఇచ్చింది.

తిరిగొచ్చేసరికి సీ ముఫద్దల్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరచేతులు పైకి పెట్టి కూర్చున్నాడు. షామా మొదటి రేకు వాటి మీద పెట్టింది. చల్లగా తగిలిందేమో, ఒక్కసారి వేళ్ళు ముడుచుకున్నాయి. తరువాత కుడి బొటనవేలు మెల్లగా ఒక అంచు నుంచి బయలుదేరింది. ఆసిడ్ కొరికిన గీత చిన్న కాలువలాంటిది, ఎన్నిసార్లు ఆసిడ్ పెడితే అంత లోతు, అచ్చులో అంత నలుపు. గోటికి లోతు తెలుస్తుంది, వేలి కొసకు ఒరవడి తెలుస్తుంది. ఆయన వేలు వెళ్ళిన దారినే మళ్ళీ వెళ్ళింది. ఒక చోట ఆగింది.

"ఇది కొండా?"

"మూట మాలెం."

"ఇంత పెద్దదా?"

"స్పెయిన్ వాళ్ళ సబ్తా సరిహద్దు నుంచి మోసుకొచ్చే మూట. దుప్పట్లు, సబ్బులు, టైర్లు. ఒక్కో దాంట్లో మనిషికి మించిన బరువు. దాని కింద మా అమ్మ ఉంది."

వేలు కిందికి దిగింది. వెతికింది. ఇంకా కిందికి దిగింది.

"దొరికింది," అన్నాడు, చాలా మెల్లగా. "మూటకి నాలుగుసార్లు ఆసిడ్ పెట్టావు. మనిషికి ఒక్కసారే."

"మూటని అందరూ చూస్తారు. కింద ఉన్న మనిషిని ఎవరూ చూడరు కదా మాలెం."

ఆయన రెండో రేకు అడిగాడు. మూడోది అడిగాడు. పది రేకులూ అయ్యేసరికి టీ చల్లారిపోయింది. షామాకు తన గీతల మీద ఇంకో మనిషి వేలు నడుస్తుంటే తన వీపు మీదే ఎవరో చెయ్యి వేసి నిమురుతున్నట్టుంది.

"కాగితం, కలం తీసుకో," అన్నాడు చివరికి. "చెప్పింది చెప్పినట్టు రాయి. నగలు పెట్టకు."

ఆమె రాసింది.

'నేను ముఫద్దల్ అర్-రందిని. రెండేళ్ళుగా నా కళ్ళు పనిచెయ్యడం లేదు. ఈ శనివారం ప్రదర్శించే నా పన్నెండు ప్రింట్లలో గీత నాది, వెలుగునీడల నిర్ణయం షామా అల్-హర్రాక్‌ది...'

షామా కలం ఆపింది. "వద్దు మాలెం. ఆ కమిటీలో మీ పాత స్నేహితులుంటారు. శనివారం లోపలే ఊరంతా తెలుస్తుంది. మీ ప్రింట్లు కొనేవాళ్ళు ఏమంటారు?"

"సగంలో ఆపకు."

"నాకు గ్రాంటు రాకపోయినా ఫరవాలేదు..."

"అమ్మాయ్. దాచింది చాలు. నువ్వు రెండేళ్ళు నా పరువు మోశావు. దాన్నిక దించు, నడుం విరుగుతుంది. రాయి."

రాసింది. 'ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా అనలేదు. ఈ రోజు ఆమె పది రేకుల్ని వేళ్ళతో చదివాను. నాకు తెలిసిన చిత్రకారుల్లో బరువంటే ఏమిటో తెలిసినవాళ్ళు తక్కువ. ఈమెకు తెలుసు. నేను ఆమెకు పని నేర్పాను. మిగతాది ఆమెదే. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.'

ఆఖరి మాట రాసేటప్పుడు ఆమె అరచెయ్యి తగిలి అక్షరం అలుక్కుపోయింది. వేరే కాగితం మీద తిరగరాస్తానంది. "అక్కర్లేదు, మనుషులు రాశారని తెలియాలి," అన్నాడాయన. "ఇక వేలు పెట్టు."

*

శుక్రవారం పొద్దున అయ్యాషి ఆ ఉత్తరాన్ని స్కానర్ మీద పెట్టబోతూ చదివాడు. టోపీ తీశాడు. స్కానర్ అద్దాన్ని చొక్కా చేత్తో రెండుసార్లు తుడిచి, అప్పుడు పెట్టాడు. జుమా నమాజుకు పిలుపు వచ్చేలోపలే అంతా రబాత్‌కు చేరిపోయింది.

శనివారం గ్యాలరీలో సీ ముఫద్దల్ మైకు పట్టుకుని, వచ్చినవాళ్ళకు సలాం చెప్పి, ఆ ఉత్తరంలో రాయించిన మాటలే తన నోటితో చెప్పాడు. జనం తలలు తిప్పి గోడ మీది ప్రింట్లను మళ్ళీ చూశారు. తరువాత టాంజియర్ నుంచి వచ్చిన ఒక ముసలి చిత్రకారుడు, "నా కళ్ళూ అంతేనోయ్, నువ్వు చెప్పావు కాబట్టి చెబుతున్నా," అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఇద్దరు కొనుగోలుదారులు వెనక్కి తగ్గారని తరువాత తెలిసింది. ఆయన పట్టించుకోలేదు. లల్లా జహూర్ అందరి ముందూ షామాను కౌగిలించుకుని, "ఇంకెన్నాళ్ళని నేనూ తెలియనట్టు నటించేది?" అని ఏడ్చింది. కన్నుకు కత్తి పెడతారంటే హడలిపోయి రెండేళ్ళు వాయిదా వేసిన సీ ముఫద్దల్, వారం తిరక్కుండా ఆసుపత్రికి పదమన్నాడు. టాక్సీలో దారి పొడుగునా షామా జెల్లాబా అంచు వదల్లేదు.

ఏడు వారాల తరువాత రబాత్ నుంచి ఫోను వచ్చింది. గ్రాంటు వచ్చిందని చెప్పి, అవతలి ఆవిడ కాస్త తటపటాయించి, "ఇంకో మాట. కమిటీ వాళ్ళు అడగమన్నారు. సీ ముఫద్దల్ గారు ఎలా ఉన్నారు?" అంది.

"కుడి కన్ను ఆపరేషన్ అయిందండీ. దేవుడి దయ వల్ల బాగా కనిపిస్తోంది. ఇప్పుడు ప్రతి ప్రింటుకీ నాతో పోట్లాడుతున్నారు," అంది షామా. ఫోను పెట్టేశాక కూడా ఆమె పెదాలు "అల్హమ్దులిల్లాహ్" అంటూనే ఉన్నాయి.

సీ ముఫద్దల్ ఆ కబురు విని తల ఊపాడు. "మంచిది. మరి ఆ మొదటి రేకు, మూటది, ప్రింటు తీసుకురా, ఇప్పుడు చూస్తా."

తెచ్చింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి చూశాడు. 'ఊఁ' అనలేదు. చాలాసేపు చూశాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశాడు.

"మూట బాగుంది. ఇలాంటి మూట నేను గియ్యలేను. కాళ్ళు మాత్రం దొంగకాళ్ళు."

"అంటే?"

"షికారుకెళ్ళే మనిషి కాళ్ళు. అంత బరువు మోసే మనిషి మడమలు ఇలా ఉండవు. చూసి గీశావా, అనుకుని గీశావా?"

షామా ముఖం జేవురించింది. జవాబు నోటిదాకా వచ్చింది. కానీ ఆయన చెప్పింది నిజం. ఆ కాళ్ళు ఆమె అనుకుని గీసినవే. ఇంతవరకూ ఆమె బొమ్మను బాగుందన్నవాళ్ళున్నారు, జాలిపడ్డవాళ్ళున్నారు. తప్పు పట్టినవాళ్ళు లేరు. తప్పు పట్టాలంటే అంతసేపు చూడాలి. ఆమె వంగి ఆయన భుజం ముద్దుపెట్టుకుంది. ఆయన విసుక్కున్నాడు. "ముద్దులు తరువాత. వెళ్ళి ఆ కాళ్ళు చూసి రా."

సాయంత్రం ఇంటికెళ్ళి, కొత్త గ్యాసు సిలిండరు వైపు చూపించి, "అమ్మా, ఒక్క నిమిషం దాన్ని వీపున ఎత్తుకుంటావా?" అంది.

"గ్రాంటొచ్చింది నీకా, నాకా?" అంది రహిమో. "కూతురు గొప్పదైతే కాళ్ళు చాపుకోవచ్చనుకున్నా. మళ్ళీ మూటలేనా?"

"పోనీ, పక్కనున్న ఖాళీదే ఎత్తుకో. మిగతా బరువు నీకు గుర్తుంటుందిగా."

రహిమో గొణుక్కుంటూనే చెప్పులు విడిచింది. ఖాళీ సిలిండరును దుప్పటిలో చుట్టి, ముడి నుదుటికి వేసుకుని, గోడ ఆసరాతో లేచింది. నడుము వంగగానే ఆమె గొణుగుడు ఆగిపోయింది. ఊపిరి మారింది. పాత దారి ఆమె ఒంటికి గుర్తొచ్చినట్టుంది.

షామా నేల మీద బోర్లా పడుకుని, చెంప బండకు ఆనించి, కాగితం దగ్గరకు లాక్కుంది. అమ్మ కుడి మడమ నేలను గట్టిగా తొక్కుతోంది. ఎడమ మడమ అసలు నేలను తాకడం లేదు. ముప్పై ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఆమె ఆ సంగతి చూడలేదు.

"కదలకు అమ్మా," అంది.